నోరు ఎటు తిరిగుందో చూడండి

ఉప్పునీటి అక్వేరియం పెట్టి, అందులో పగడాలు కాస్త కుదురుకున్నాక చాలామందికి ఒక కోరిక పుడుతుంది. గుంపుగా తిరిగే చిన్న చేపలు బాగానే ఉన్నాయి కానీ, ట్యాంకుకి ఒక హీరో ఉంటే బాగుండునని. అలా వెతుకుతుంటే కళ్లు ఎక్కువగా ఆగేది ట్రిగ్గర్ ఫిష్ దగ్గరే. రంగులకు రంగులు, ఠీవికి ఠీవి. పైగా మనం దగ్గరికి వెళ్తే పారిపోకుండా అద్దం దాకా వచ్చి, ఒక కన్ను మన మీద, ఇంకో కన్ను ఇంకెక్కడో పెట్టి పరికిస్తుంది. రెండు కళ్లనూ వేరువేరుగా తిప్పగలదు మరి. ఆ చూపుకి పడిపోయి, ఇంకేమీ ఆలోచించకుండా కొనేసేవాళ్లే ఎక్కువ. ఆరు నెలలు తిరక్కుండానే ట్యాంకులో రొయ్యలూ నత్తలూ ఒక్కొక్కటే మాయమవుతాయి.

ట్రిగ్గర్ కుటుంబంలో దాదాపు 40 జాతులున్నాయి. వీటన్నిటికీ ఆ పేరు తెచ్చింది వీపు మీది ముళ్లు. ముందున్న ముల్లు పొడవుగా, మొద్దుగా ఉంటుంది. దాని వెనకది చిన్నది. ముందుది నిటారుగా లేవగానే చిన్నది గొళ్లెంలా దాని మొదట్లో దిగి బిగుసుకుంటుంది. అప్పుడు పెద్ద ముల్లుని ఎంత బలంగా నొక్కినా వంగదు. చిన్నదాన్ని వేలితో కాస్త నొక్కితే మాత్రం టక్కున వాలిపోతుంది. తుపాకీ ట్రిగ్గర్ లాంటి ఏర్పాటన్నమాట. రాతి సందులో దూరి ముల్లు లేపుకుందంటే, ఏ పెద్ద చేపా దాన్ని బయటికి లాగలేదు.

కొనేటప్పుడు మాత్రం చూడాల్సింది ముల్లుని కాదు, నోటిని.

నోటిని బట్టి ట్రిగ్గర్లు రెండు రకాలు. సముద్రంలో చాలావరకు మొదటి రకమే, ఇవి అడుగున తిరుగుతూ గట్టి పెంకులున్న జీవుల్ని తింటాయి. వీటి దవడలు పొట్టివి, కండ బలం ఎక్కువ. ఒక్కో దవడ బయటి వరుసలో 8 ఉలిపళ్లు ఉంటాయి. సీ అర్చిన్‌ని ఇవి వేటాడే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. ఒళ్లంతా సూదులున్న ఆ బంతిని నేరుగా కొరకవు. నోటితో నీటిని పిచికారీలా కొట్టి దాన్ని వెల్లకిలా పడేస్తాయి. సూదులు పొట్టిగా ఉండే అడుగు పక్క పైకి రాగానే అక్కడ కొరుకుతాయి. కళ్లు ముక్కుకి అంత దూరంగా, తల పైభాగంలో ఎందుకున్నాయో అప్పుడు అర్థమవుతుంది. ముట్టె సూదుల మధ్యలో ఉన్నా కళ్లకి ప్రమాదం లేదు.

ఇదే చేప మన ట్యాంకులోకి వస్తే ఏం చేస్తుంది? అదే చేస్తుంది. ఇసుకని ఊదేస్తుంది, రాళ్లని దొర్లిస్తుంది, పగడపు ముక్కల్ని పెకలిస్తుంది. పగడాలంటే దానికి ఆకలేమీ కాదు, కింద ఏముందో చూద్దామని. నత్తలు, పీతలు, రొయ్యలు మాత్రం తిండే.

అందుకే నల్లని ఒంటి మీద పెద్ద పెద్ద తెల్లచుక్కలతో మెరిసే క్లౌన్ ట్రిగ్గర్ ఎంత అందగాడైనా రీఫ్ ట్యాంకులోకి, అంటే పగడాలు పెంచే ట్యాంకులోకి వద్దు. పైగా 50 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ముదురాకుపచ్చ మీద నారింజ గీతలుండే అండ్యులేటెడ్ ట్రిగ్గర్ అంత పెద్దదవదు, 30 సెంటీమీటర్లే. కానీ కోపంలో మిగతావాటికి గురువు. చివరికి ట్యాంకులో అదొక్కటే మిగిలినా ఆశ్చర్యపోనక్కర్లేదు. పికాసో ట్రిగ్గర్ వీటికంటే కొంచెం నయమే కానీ, రొయ్యల విషయంలో దాన్నీ నమ్మలేం.

ఇక రెండో రకం. వీటి నోరు ముక్కు చివర, కాస్త పైకి తిరిగి ఉంటుంది. అడుగున తవ్వుకునే పని వీటికి లేదు. రీఫ్ అంచున నీటి మధ్యలో ఈదుతూ, ప్రవాహంలో కొట్టుకొచ్చే ప్లవకాల్ని, అంటే నీటిలో తేలే చిన్న చిన్న జీవుల్ని పట్టుకు తింటాయి. జాంథిక్తిస్ అనే ప్రజాతి చేపలు ఇలాంటివే. మధ్యరకం ట్యాంకుకి, అంటే నాలుగైదు అడుగుల పొడవు, 400 నుంచి 500 లీటర్ల నీళ్లు ఉన్నదానికి, నా ఓటు వీటిలోని బ్లూజా ట్రిగ్గర్‌కే. మగదానికి గొంతు కింద నీలం మచ్చ, రెక్కల అంచున పసుపు ఉంటాయి. ఆడదానికి ఆ నీలం ఉండదు, చూడ్డానికి కాస్త సాదా. అడుగుకి మించి పెరగదు. ఒక మగ, ఒక ఆడ కలిపి పెట్టొచ్చు. రెండు మగవాటిని మాత్రం వద్దు, గొడవలు తప్పవు. ఇదే ప్రజాతిలో క్రాస్‌హ్యాచ్ ఉంది. మగదానికి తోక ఎర్రగా, ఆడదానికి పసుపుగా ఉంటుంది. దానికి ఇంకాస్త పొడవైన ట్యాంకు ఉంటే మంచిది. అట్లాంటిక్‌లో దొరికే సార్గాసమ్ ట్రిగ్గర్ రంగులో వీటంత మెరవదు కానీ స్వభావం దాదాపు ఇంతే.

నైగర్ ట్రిగ్గర్ సంగతేంటని అడుగుతారు. దాని నోరు కూడా పైకే, తిండి కూడా ప్లవకాలే. షాపులో అరచేతిలో పట్టేంత నీలం చేప, ఎర్రటి పళ్లు, చంద్రవంక లాంటి తోక. ఎవరికైనా నచ్చుతుంది. చిక్కల్లా దాని సైజుతోనే. తోక కొసలతో కలిపి 50 సెంటీమీటర్ల దాకా రావచ్చు. నాలుగడుగుల ట్యాంకులో అది నాలుగు ఊపులు ఈదేసరికి గోడ తగులుతుంది. పింక్‌టెయిల్ ట్రిగ్గర్ మెత్తని మనిషి లాంటిదే, కానీ అదీ 40 సెంటీమీటర్ల చేపే.

బ్లూజా కూడా ట్రిగ్గరేనన్న సంగతి మర్చిపోకూడదు. ట్యాంకులో ముందే పెద్ద క్లీనర్ రొయ్యలు (చేపల ఒంటి మీది పరాన్నజీవుల్ని ఏరి తినేవి) ఉండి, తర్వాత ఇది వస్తే చాలాసార్లు సర్దుకుపోతుంది. ఇది స్థిరపడ్డాక చిన్న రొయ్యని వదిలితే, దానికది భోజనం పెట్టినట్టే. అందుకే ట్రిగ్గర్‌ని ఆఖర్న తెచ్చుకోవాలి. రోజంతా కొంచెం కొంచెం తినే అలవాటు కాబట్టి మైసిస్ అనే చిట్టి రొయ్యల్లాంటి జీవులు, తరిగిన రొయ్య ముక్కలు రోజుకి రెండు మూడు సార్లు పెట్టాలి. తిండి ఎక్కువైతే నీళ్లలో నైట్రేట్ పెరుగుతుంది, పగడాలకి అది పడదు. కాబట్టి నీళ్లలోని మలినాల్ని నురగతో లాగేసే ప్రోటీన్ స్కిమ్మర్ గట్టిది ఉండాలి. బెదిరితే గెంతుతుంది, పైన వల మూత తప్పనిసరి.

షాపులో కొనేముందు మన ఎదుటే తిండి వేయించి చూడాలి. బ్లూజాని తరచూ లోతు నీళ్లలోంచి పడతారు. పైకి తెచ్చేటప్పుడు తొందరపడితే, చేపని నీళ్లలో సమంగా తేల్చే గాలితిత్తి దెబ్బతింటుంది. తల కిందికి వేలాడేస్తూనో, పైకి తేలిపోకుండా ఉండటానికి అదే పనిగా రెక్కలు కొట్టుకుంటూనో ఉంటే ఆ చేపని వదిలేయాలి. సమంగా నిలబడి, వీపు రెక్కనీ కింది రెక్కనీ అలల్లా ఊపుతూ ఈదేది ఆరోగ్యంగా ఉన్న ట్రిగ్గర్. ఈ చేపలు మామూలుగా ఈదేది ఆ రెండు రెక్కలతోనే. తోకకి పని చెప్పేది పరుగు తీయాల్సి వచ్చినప్పుడే. పట్టేటప్పుడు వల బదులు ప్లాస్టిక్ డబ్బా వాడమని చెప్పండి. ముల్లు వలలో చిక్కుకుంటే తీయడం పెద్ద పని, చేపకి నరకం.

ఇంటికి తెచ్చిన మొదటి రోజుల్లో అది రాళ్ల మధ్యే గడిపినా టెన్షన్ పడకండి. రాళ్లు పేర్చేటప్పుడే దాని ఒళ్లు పట్టేంత సందు ఒకటి వదిలి ఉంచితే చాలు. రాత్రి లైటు ఆపాక టార్చి కాస్త వాల్చి చూడండి. ఆ సందులో పక్కకి ఒరిగి, వీపు ముల్లు పైరాతికి ఆనించి, గడియ వేసుకుని పడుకుని ఉంటుంది.