అరిస్తేనే పని జరుగుతుందా? సూపర్‌వైజర్ల అపోహలు - వాస్తవాలు

ఒంగోలు చుట్టుపక్కల గ్రానైట్ ఫ్యాక్టరీల్లో, రొయ్యల ప్లాంట్లలో సూపర్‌వైజర్లకు శిక్షణ ఇస్తుంటాను. కొత్తగా ప్రమోషన్ వచ్చినవాళ్లు దాదాపు అందరూ అడిగేది ఒకటే: "మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు కదా సార్, అరవకపోతే మాట వింటారా?"

అపోహ: గట్టిగా అరిచేవాడే లీడర్.

వాస్తవం: కర్ట్ లెవిన్, లిపిట్, వైట్ అనే మనస్తత్వ పరిశోధకులు అమెరికాలో పదేళ్ల పిల్లల బృందాలతో చేసిన ప్రయోగం 1939లో అచ్చయింది. ఆజ్ఞలతో నడిపిన బృందాలు వాళ్లను నడిపించే పెద్దాయన ఎదుట ఉన్నంతసేపు బాగానే పనిచేశాయి. ఆయన గది దాటగానే పని పడిపోయింది. అందరితో మాట్లాడి నడిపిన బృందాల్లో ఆయన బయటికెళ్లినా పని దాదాపు అలాగే సాగింది. మన సూపర్‌వైజర్ కంటికి మొదటి సగమే కనబడుతుంది. తాను నిలబడ్డప్పుడు ఎవరూ వంచిన తల ఎత్తడం లేదు, ఇంకేం కావాలి అనుకుంటాడు. టీకి వెళ్లినప్పుడు ఏం జరుగుతోందో అతనికి చెప్పేవాళ్లుండరు.

అసలు నష్టం ఆ చెప్పకపోవడం వల్లే. చీమకుర్తి దగ్గర ఒక పాలిషింగ్ యూనిట్‌లో గెలాక్సీ రకం నల్ల గ్రానైట్ స్లాబు లోడింగప్పుడు రెండు ముక్కలైంది. అందులో సన్నటి పగులును హెల్పర్ కుర్రాడు పాలిష్‌కు ముందే చూశాడు. ఎందుకు చెప్పలేదని పక్కకు తీసుకెళ్లి అడిగితే, "చెబితే సూపర్‌వైజర్ నువ్వే పగలగొట్టావంటాడు సార్" అన్నాడు. కోత, పాలిష్, కరెంటు ఖర్చంతా పోయింది. పైగా ఆ కుర్రాడి కూలి కట్ చేశారు. తలచుకుంటే ఇప్పటికీ నాకు కోపమొస్తుంది.

భయపడే కొత్త సూపర్‌వైజర్లను నేను తప్పుపట్టను. నిన్నటిదాకా పక్కన పనిచేసిన బాబాయికి, పిన్నికి ఇవాళ పని పురమాయించాలంటే టెన్షనే. షిఫ్టు మొదట్లో రోజూ "నిన్న ఎక్కడ ఇబ్బందైంది?" అని అడగండి. తప్పు ఒప్పుకున్నవాళ్ల మీద అందరి ముందు కేకలేయకండి. కొన్నాళ్లు ఎవరూ నోరు విప్పరు, అయినా అడగండి.

అందరినీ ఒకేలా నడపాలనుకోవడమూ పొరపాటే. 1969లో నాయకత్వం మీద రాసిన హెర్సీ, బ్లాంచర్డ్ చెప్పిందీ ఇదే. మొన్న చేరిన అమ్మాయికి రొయ్య తల తీయడం దగ్గరుండి చూపాలి. ఏళ్లుగా గ్రేడింగ్ చేస్తున్న అక్కకు కౌంట్ (రొయ్యల సైజు లెక్క) చెప్పి వదిలేయాలి.

ఇక "నాయకత్వం పుట్టుకతో రావాలి" అన్నది వాట్సాప్‌లో తిరిగే మాట. ఫలానా గుణాలుంటే చాలు, ఎక్కడైనా లీడరవుతాడని చెప్పలేమని 1948లోనే స్టాగ్‌డిల్ అనే పరిశోధకుడు పాత పరిశోధనలన్నీ తిరగేసి తేల్చాడు.

క్రేన్‌కు వేలాడే రాయి కింద ఎవరైనా నిలబడితే మాత్రం గట్టిగా అరవండి. కారణం తర్వాత కూర్చోబెట్టి చెప్పొచ్చు.