ఘాట్‌లోనే వెలిగే ఎర్రలైటు

కోరాపుట్ నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: సుంకి ఘాట్ దిగి సాలూరు వెళ్లినప్పుడల్లా కారులో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతోంది. మెకానిక్ స్కానర్ పెట్టి, కంప్యూటర్ రాసుకున్న లోపం కోడ్ చెరిపేస్తే నాలుగు రోజులు బాగుండి, మళ్లీ ఘాట్‌లోనే వస్తోంది. బ్యాగ్ పాడైందా?

బ్యాగ్ మీద అనుమానం చివర్లో పెట్టుకోవచ్చు. జవాబు సగం ప్రశ్నలోనే ఉంది: ఘాట్‌లోనే.

ఆ లైటును వెలిగించే కంప్యూటర్‌కు బ్యాగ్ కనబడదు. దానికి తెలిసింది ఓముల లెక్క. బ్యాగ్‌ను పేల్చే ఇగ్నైటర్‌లో సన్నటి తీగ ఉంటుంది, దాని నిరోధం సుమారు 2 ఓములు. కొద్ది మిల్లీ ఆంపియర్ల కరెంటు పంపి, ఆ రెండు ఓములూ ఉన్నాయా లేవా అని కారు నడుస్తున్నంతసేపూ కంప్యూటర్ కొలుస్తూనే ఉంటుంది. పేలాలంటే దాదాపు 1.2 ఆంపియర్లు 2 మిల్లీ సెకన్లపాటు పోవాలి కాబట్టి ఈ కొలతతో భయం లేదు. కారు లోపలి బల్బు వైరులో ఒక ఓము పెరిగితే ఎవరికీ పట్టదు. ఇక్కడ అదే ఒక ఓము లైటు వెలిగించగలదు. చాలా కార్లలో అలా వెలిగిందంటే ప్రమాదంలో బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు కూడా.

మరి ఆ ఓము ఘాట్‌లోనే ఎందుకు పెరుగుతుంది? స్టీరింగ్ తిరుగుతుంది, దాని కింది గొట్టం తిరగదు. రెంటికీ మధ్య క్లాక్ స్ప్రింగ్ అనే ప్లాస్టిక్ డబ్బాలో చదునైన కేబులు, ఫ్యాన్సీ కొట్లో జడ రిబ్బను చుట్టలా ఉంటుంది. ఒకవైపు తిప్పితే చుట్ట బిగుస్తుంది, రెండోవైపు తిప్పితే వదులవుతుంది. చాలా కార్లలో అది మధ్య నుంచి అటూ ఇటూ రెండున్నర చుట్లు ఓర్చుకుంటుంది. స్టీరింగ్‌కు కావలసింది అటూ ఇటూ ఒకటిన్నర. అంటే చేతిలో మిగులు ఒక్క చుట్టు. స్టీరింగ్ పని చేసినవాళ్లు డబ్బాను చుట్టున్నర పక్కకు బిగించేశారనుకోండి, ఒకవైపు ఒక్క చుట్టే దక్కుతుంది. తిన్నటి రోడ్డు మీద స్టీరింగ్ పావు చుట్టు కూడా తిరగదు కాబట్టి నెలల తరబడి గుట్టు బయటపడదు. హెయిర్‌పిన్ మలుపులో రిబ్బను కొసకొచ్చి లాక్కుంటుంది, లోపలి రాగి పగులుతుంది. సరిగ్గా బిగించినా ఏళ్ల తరబడి ఘాట్లు తిరిగితే అదే గతి. ఆ పగులు మొదట్లో ఒక కోణంలోనే విడిపడి, స్టీరింగ్ తిన్నగా అవగానే అతుక్కుంటుంది. అందుకే షెడ్డుకొచ్చేసరికి కొలతలన్నీ సక్రమం. హారన్ తీగ కూడా ఇదే రిబ్బనులో పోతుంది. మలుపులో హారన్ మూగబోతే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఇంజన్ కోడ్లు మాత్రమే చదివే చవక స్కానర్ దీనికి చాలదు, ఎస్ఆర్ఎస్, అంటే ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థ కోడ్లు చదివేది కావాలి. లైవ్ డేటాలో డ్రైవర్ బ్యాగ్ ఓములు తెరిచి, నిలబడిన కారులో స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగా తిప్పండి. అంకె ఎక్కడ ఎగిరిందో దోషం అక్కడ దొరుకుతుంది. కోడ్ సైడ్ బ్యాగ్‌దో, ప్రమాదంలో సీటు బెల్టును లాగి బిగించే ప్రిటెన్షనర్‌దో అయితే దారి వేరు: సీటు కింద పసుపు కనెక్టరు, సీటు జరిపినప్పుడల్లా లాగుడు, పైగా వానాకాలం తేమ, కిలుం. కింద చెప్పినట్టు బ్యాటరీ తీసి ఆగాక కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, వైరుకు కొంచెం వదులిచ్చి కట్టండి. గరుకు కాగితం పెట్టొద్దు.

బ్యాగ్‌కు మల్టీమీటర్ అసలు తగిలించొద్దు, పేలే ప్రమాదముంది. బ్యాటరీ నెగటివ్ తీసి, కంప్యూటర్‌లో కరెంటు నిల్వ ఉంచే కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా కనీసం 3 నిమిషాలు ఆగి, బ్యాగ్ విప్పి ముఖం పైకి ఉండేలా పక్కన పెట్టాలి. దాని చోట 2 ఓముల రెసిస్టర్ పెట్టి, బ్యాటరీ తగిలించి, కోడ్ చెరిపి, స్టీరింగ్‌ను కొస నుంచి కొసకు తిప్పి చూడండి. లైటు మళ్లీ వస్తే తప్పు వైరుదో క్లాక్ స్ప్రింగుదో. రాకపోతే అనుమానం బ్యాగ్ మీద. కొన్ని షెడ్లలో ఆ రెసిస్టర్‌నే వదిలేస్తారు. లైటు ఆరిపోతుంది, బ్యాగ్ మాత్రం ఉత్త అలంకారం.

బ్యాగ్ సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట: బంపర్‌కు కట్టే నిమ్మకాయతో చిక్కు లేదు. డ్యాష్‌బోర్డు మీద అతికించిన జగన్నాథుడితోనే ఉంది. ముందు ప్రయాణికుడి బ్యాగ్ మూత మీద బొమ్మ ఉంటే, 30 మిల్లీ సెకన్లలో తెరుచుకునే బ్యాగ్ దాన్ని నేరుగా మొహం మీదికి విసురుతుంది.

కొత్త క్లాక్ స్ప్రింగ్ మధ్యలో లాక్ చేసే ట్యాబుతో వస్తుంది, బిగించేదాకా అది తీయొద్దు. ముందు చక్రాలు తిన్నగా పెట్టుకోండి. ట్యాబు ఊడిపోయి వస్తే, ఒకవైపు ఆగేదాకా చేత్తో మెల్లగా తిప్పి, అక్కణ్ణుంచి రెండో కొసకు చుట్లు లెక్కపెట్టి, సగం వెనక్కి తేవాలి. డబ్బా మీది బాణం గుర్తులు ఎదురెదురుగా కలిస్తేనే స్క్రూలు బిగించండి.