రేసుల సీజన్ ముందు గుర్రపు లాడాల ముచ్చట: అపోహలు - వాస్తవాలు

జూలై దగ్గర పడుతోందంటే హైదరాబాద్ మలక్‌పేటలో వానాకాలం రేసుల హడావిడి మొదలైనట్టే. నేను అక్కడ గుర్రాలకు లాడాలు వేస్తాను. మాది టంగుటూరు దగ్గర పల్లె. ఇంటికొచ్చినప్పుడల్లా మా వాళ్లు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. ఒంగోలు గిత్తను నడకలోనే అంచనా కట్టే మనుషులు కూడా గుర్రం దగ్గరికొచ్చేసరికి విన్నదల్లా నమ్మేస్తారు. సీజన్‌లో పడితే నాకు తీరిక దొరకదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా.

అపోహ: మేకులు కొడితే గుర్రానికి నొప్పి.

సరిగ్గా కొడితే ఉండదు. డెక్క బయటి గోడ మన గోరు లాంటిదే, అందులో నరాలూ రక్తమూ ఉండవు. కాలెత్తి అడుగు చూస్తే గోడకు లోపలి అంచున లేత రంగు గీత ఒకటి కనిపిస్తుంది. మేకు ఆ గీతకు బయటే నడవాలి. లాడం మేకు మొనకు ఒక పక్క ఏటవాలు కోత ఉంటుంది. అందుకే కొడుతుంటే అది బయటి వైపుకి వంగి, గోడలోంచి పైకి తేలుతుంది. తేలిన మొనను కత్తిరించి, మడిచి, ఆకురాయితో నున్నగా రాస్తాం. గీత దాటి లోపలికి పోయిందా, గుర్రం కుంటడం ఖాయం. గీతకు మరీ ఆనుకుని దిగినా ఒకటి రెండు రోజుల్లో డెక్క వేడెక్కుతుంది. సుత్తి దెబ్బ శబ్దంలోనే తేడా తెలిసిపోతుంది, గట్టి గోడలో దిగే మేకు ఒకలా పలుకుతుంది, మెత్తటి చోటుకు పోయేది ఇంకోలా. పని చేసేటప్పుడు పక్కన సెల్‌లో పాటలు పెడితే నాకు చిరాకు అందుకే.

ఎద్దును పడేసి, కాళ్లు కట్టి లాడాలు కొట్టడం చూసినవాళ్లకు గుర్రం నిలబడి కాలివ్వడం వింతగా ఉంటుంది. ఎద్దు గిట్ట చీలి ఉంటుంది కనుక కాలికి రెండు బిళ్లలు కావాలి, గుర్రానికి కాలికి ఒకటే.

అపోహ: రేసు గుర్రం లాడం తెచ్చిపెడితే శని పోతుంది.

దీనికి నేనేం చెప్పాలి బాబాయ్! ఉంగరానికని, గుమ్మానికని ఏడాది పొడుగునా అడుగుతూనే ఉంటారు. శనికి ఇనుము కావాలంటారు కదా, రేసు రోజు చాలా గుర్రాలకు వేసేది అల్యూమినియం. తేలిక కోసం. కాలి చివర బరువు తగ్గితే అంగ అంగకీ ఎత్తాల్సిన బరువు తగ్గుతుంది. ఇనుప లాడంతో పరిగెత్తేవీ ఉంటాయి. రేసు పుస్తకంలో గుర్రం పేరు వరసలో ఏ అనో ఎస్ అనో ఉండేది అదే, అల్యూమినియమా స్టీలా అని.

అపోహ: నల్ల డెక్క గట్టిది, తెల్లది మెత్తనిది.

రంగు వేరంతే, గట్టిదనంలో తేడా లేదు. డెక్క పాడయ్యేది తేమ వల్ల, మేత లోపం వల్ల, చెక్కడం సరిగా లేక.

అపోహ: డెక్క ముందు కొస పొడుగ్గా వదిలితే అంగ పెద్దదై గుర్రం వేగం పెరుగుతుంది.

ఇది ఊరివాళ్ల మాట కాదు, మా వృత్తిలోనే కొందరు పాతవాళ్ల మాట. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది కూడా ఇదే అని నా అభిప్రాయం. కొస పొడుగైతే మడమ కిందికి కుంగుతుంది. కాలు నేల వదిలేటప్పుడు డెక్క కొస మీదుగా దొర్లి లేవాలి. కొస ముందుకు పెరిగితే ఆ దొర్లడం ఆలస్యమవుతుంది. ఆ కాసేపూ మోకాలి కింద వెనక పక్కనున్న టెండన్ (కండను ఎముకకు కలిపే తాడు లాంటి పట్టీ) మీదా, డెక్క లోపలి చిన్న ఎముక మీదా లాగుడు పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగం, 450-500 కిలోల ఒళ్లు, ఒక్కో క్షణంలో బరువంతా ఒకే కాలి మీద. టెండన్ ఒకసారి చినిగితే ఆ గుర్రానికి నెలల తరబడి విశ్రాంతే, కొన్నింటికి రేసులు అంతటితో సరి. పట్టు కోసం ముందు కాళ్ల లాడాల కొసన ఎత్తు పట్టీ పెట్టడం మీద కొన్ని దేశాల్లో ఆంక్షలు పెట్టిందీ ఇలాంటి భయంతోనే. వేగం కావాలంటే కొస తగ్గించి, మడమకు ఆసరా ఇవ్వాలి. చూడ్డానికి డెక్క చిన్నదిగా కనిపిస్తుందని ఓనర్లు మొదట్లో నసుగుతారు, పట్టించుకోను.

అపోహ: సీజన్ ముందు మంచి మేత, డెక్కకు నూనె పెడితే చాలు.

డెక్క నెలకు సుమారు 8 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పై అంచున పుట్టింది ముందు కొసన నేల దాకా రావడానికి దాదాపు ఏడాది. అంటే ఈ జూలైలో నేల తాకే కొస పోయిన వానాకాలంలో పైన పుట్టింది. జూన్‌లో పెట్టిన దాణా ఫలితం ఈ సీజన్‌లో డెక్క అడుగున కనిపించదు. నూనె వల్ల మెరుపే తప్ప పెరుగుదల రాదు. లాడాలు కూడా ఒకసారి వేసి ఊరుకునేవి కావు, రేసు గుర్రాలకు మూడు నాలుగు వారాలకోసారి తీసి, చెక్కి, మళ్లీ వేయాల్సిందే. వానాకాలంలో తడిసి ఆరి, తడిసి ఆరి మేకుల కన్నాలు వదులవుతాయి. అప్పుడు పాత కన్నం వెతుక్కుని మేకు దించేవాడి చేతిలో గుర్రాన్ని పెట్టకండి.

అపోహ: కాలు విరిగితే గుర్రాన్ని చంపేస్తారు.

ప్రతిసారీ కాదు. చిన్న పగుళ్లకు స్క్రూలు వేసి, విశ్రాంతి ఇచ్చి, తిరిగి రేసులకు తెచ్చిన గుర్రాలున్నాయి. ఎముక ముక్కలైతే మాత్రం కష్టం. మోకాలి కింద కండ లేదు, రక్తం తక్కువ, గుర్రం నెలల తరబడి పడుకుని ఉండటం కుదరదు. విరిగిన కాలిని కాపాడుకోవడానికి బరువంతా ఎదుటి కాలి మీద వేస్తుంది, ఆ కాలి డెక్క లోపల వాపు వచ్చి ఎముక గోడ నుంచి ఊడిపోతుంది. చాలాసార్లు ప్రాణం తీసేది ఆ మంచి కాలే. ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇవ్వాలో వద్దో నిర్ణయించేది డాక్టరు.

అపోహ: అక్కడే ఉంటావు కదా, ఏది గెలుస్తుందో నీకు తెలియకుండా ఉంటుందా?

తెలియదు. గెలిచే గుర్రానికి రేటింగ్, అంటే దాని సత్తాకు వేసే మార్కు, పెరుగుతుంది. రేటింగ్ పెరిగితే వచ్చే హ్యాండీక్యాప్ రేసులో (సత్తాను బట్టి బరువు మోయించే రేసు) మోసే బరువు పెరుగుతుంది. ఆ ఏర్పాటు ఉన్నదే తేడా తగ్గించడానికి. గుర్రపు రేసులు నైపుణ్యంతో కూడినవని 1996లో సుప్రీంకోర్టు అన్న మాట నిజమే, కానీ ఆ నైపుణ్యం గుర్రానిదీ జాకీదీ, సింగరాయకొండలో ఫోన్ పట్టుకున్నవాడిది కాదు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ పందేల మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతమైంది. చూడ్డానికి రండి, డబ్బు ఇంట్లో పెట్టి రండి.

నేను ఎదురు చూసేది చలికాలంలో కొత్తగా పరిగెత్తిన పిల్ల గుర్రాల కోసం. రేసుల లెక్కలో గుర్రాల వయసు జనవరి 1నే మారుతుంది, ఆ లెక్కన అన్నీ మూడేళ్లవయ్యాయి. కాళ్లు అప్పటికంటే తీరుగా నిలబడ్డాయా, డెక్కలు ఏ పక్క అరుగుతున్నాయి అన్నది మొదటి రెండు వారాల్లో తేలిపోతుంది. మామూలుగా గాంధీ జయంతి రోజు జరిగే ఇక్కడి పెద్ద రేసు డెక్కన్ డెర్బీ నాటికి వాటికి మూడు నాలుగు జతల లాడాలు మారి ఉంటాయి.