తుపాను కడుపులో టోర్నడో: పడిన చెట్లు చెప్పే లెక్క

తుపాను గాలికే ఇళ్లు కూలతాయి కదా, మరి ఫలానా వీధిలో విధ్వంసం చేసింది మాత్రం టోర్నడో అని ఎలా తేలుస్తారు? అమెరికాలో మిల్టన్ హరికేన్ వార్తలు చదివిన చాలామందికి వచ్చే సందేహమే ఇది. 2024 అక్టోబర్ 9 రాత్రి మిల్టన్ ఫ్లోరిడా పడమటి తీరంలో సియెస్టా కీ దగ్గర ఒడ్డెక్కింది. కానీ అది ఒడ్డెక్కకముందే, అక్కడికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన, తూర్పు తీరంలోని ఫోర్ట్ పియర్స్ వద్ద టోర్నడో ఆరుగురిని బలిగొంది. ఆ రాత్రే హరికేన్ గాలులు అదే శిథిలాల మీదుగా సాగిపోయాయి. మర్నాడు నష్టం సర్వేకు వెళ్లినవాళ్ల ముందు రెండు గాలుల నష్టం కలిసిపోయి ఉంది.

తుపాను సాగే దిశలో ముందువైపు కుడి భాగం, బయటి వాన మేఘాల పట్టీలు: ఈ టోర్నడోలు ఎక్కువగా పుట్టేది అక్కడే. ఒక్కొక్కటీ చిన్నదే, చాలావరకు కొద్ది నిమిషాలే బతుకుతుంది, కానీ గుంపుగా వస్తాయి. 1967లో బ్యూలా, 2004లో ఐవన్ హరికేన్లు ఒక్కొక్కటీ వందకు పైగా టోర్నడోలను పుట్టించాయి.

అసలు ఆసక్తికరమైనది వీటి నడక. నేల మీద దొర్లే ఎడ్లబండి చక్రాన్ని తీసుకోండి. చక్రం పైఅంచు బండి వేగానికి రెట్టింపు వేగంతో ముందుకు పోతుంది. నేలను తాకే కింది అంచు ఆ క్షణానికి కదలకుండా ఉంటుంది. తిరుగుడు, ప్రయాణం ఒకచోట కలుస్తాయి, ఇంకోచోట కొట్టేసుకుంటాయి. ఆ చక్రాన్ని నేలమీద పడుకోబెడితే మన టోర్నడో. ఉత్తరార్ధగోళంలో ఇవి దాదాపు అన్నీ అపసవ్య దిశలో తిరుగుతాయి కాబట్టి సాగే దిశకు కుడివైపున వేగాలు కలుస్తాయి, ఎడమవైపున తగ్గుతాయి. సుడి వేగం గంటకు 110 కిలోమీటర్లు, ప్రయాణ వేగం 70 అనుకుందాం. కుడి అంచున గాలి 180. ఎడమ అంచున వెనక్కి వీచేది 40 మాత్రమే, దానికి కొమ్మ కూడా విరగదు.

బురదలో కూరుకుపోయిన లారీ టైరు సంగతి వేరు. అది తిరుగుతుందే గాని ముందుకు సాగదు, కింది అంచు బురదను వెనక్కి చిమ్ముతుంది. అమెరికా మైదానాల్లో నెమ్మదిగా కదిలే మహా టోర్నడోలు ఆ జాతివి. వాటి దారిలో ఎడమవైపు చెట్లు వెనక్కి, కుడివైపు చెట్లు ముందుకు పడి, తిరిగిన ఆనవాలు చూడగానే తెలుస్తుంది. తుపాను టోర్నడో మాత్రం దొర్లే బండిచక్రమే. తుపాను గాలి దాన్ని మోసుకుపోతుంది, సుడి మాత్రం బలహీనం. కుడివైపు చెట్లే పడతాయి, అన్నీ ముందుకే పడతాయి. చూసినవాళ్లు ‘ఇది నేరుగా వీచిన గాలే’ అని రాసేస్తారు. సర్వేలో తరచూ జరిగే పొరపాటు ఇదే. దారి వెడల్పు కూడా సగానికి సగం తక్కువగా నమోదవుతుంది. బడి పుస్తకాలు గరాటు బొమ్మ వేసి ఊరుకుంటాయి గానీ, ఈ చక్రం లెక్క ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా అందుతుంది. ఎస్తోనియాకు చెందిన వాతావరణ శాస్త్రవేత్త యోహానెస్ లెట్జ్‌మన్ 1920ల్లోనే దీన్ని గణితంగా రాసి, చెట్లు ఏ తీరున పడతాయో గీసి చూపాడు.

చక్రంలో లేనిది ఒకటి టోర్నడోలో ఉంది. గాలి కేంద్రం వైపు లోపలికి కూడా లాగబడుతుంది. అందుకే కుడివైపు చెట్లు సూటిగా ముందుకు కాక కొంచెం ఎడమకు ఒరిగి పడతాయి. ఎడమ అంచున ఏవైనా పడితే వాటి తలలు కుడికి తిరిగి ఉంటాయి. ఈ రెండు వరసలు కలిసే గీత టోర్నడో నడిచిన నడిరేఖ మీద ఉండదు, దానికి కాస్త ఎడమగా ఉంటుంది. నడిరేఖ మీద ఇంకో సాక్ష్యం దొరుకుతుంది. సుడి ముందుభాగం గాలిని ఎడమకు, వెనుకభాగం కుడికి తోస్తుంది. మానులు ఒకదానిపై ఒకటి అడ్డంగా పడి ఉంటే కిందిది ముందు పడినట్టు. కిందిది ఎడమకు, పైది కుడికి ఉంటే సుడి అక్కడే దాటింది. మేఘం నుంచి కిందికి దూకి విచ్చుకునే గాలి అయితే చెట్లు విసనకర్రలా బయటికి పరుచుకుంటాయి. హరికేన్ గాలి అయితే కిలోమీటర్ల కొద్దీ ఒకే దిశలో పడతాయి, నష్టం మెల్లమెల్లగా పలచబడుతుంది. టోర్నడో అంచు కొన్ని పదుల మీటర్లలోనే తెగిపోతుంది.

సర్వే బృందం బయల్దేరేముందే రాడార్‌లో సుడి దారిని మ్యాపు మీద గీసుకుంటుంది. రాడార్ ఒక్కటే చాలదు. వంద కిలోమీటర్ల దూరంలో దాని అట్టడుగు కిరణం కూడా నేలకు సుమారు కిలోమీటరున్నర ఎత్తున పోతుంది, ఈ మేఘాలేమో పొట్టివి. ఆకులు, రేకులు గాలిలోకి లేచిన గుర్తు రాడార్‌లో కనిపిస్తే అదృష్టమే. ఆ తర్వాత దారికి అడ్డంగా ఉన్న రోడ్లన్నీ పట్టి దాటుతూ, ప్రతి చోటా జీపీఎస్ బిందువు, ఫొటో, ఏ వస్తువు, ఎంత దెబ్బ అన్నది నమోదు చేస్తారు. ఆలస్యమైతే రంపాలు దిగి మానులను రోడ్డు పక్కకు నెట్టేస్తాయి, దిశ పోతుంది.

వేగం నేరుగా కొలవరు. జరిగిన నష్టాన్ని చూసి టోర్నడో గాలి వేగాన్ని అంచనా కట్టేది ఈఎఫ్ స్కేలు. అమెరికాలో 2007 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న ఈ స్కేలులో 28 రకాల వస్తువులున్నాయి, ఒక్కోదానికి దెబ్బల మెట్లు. మామూలు ఇంటి పైకప్పు పెద్ద ముక్కలుగా లేచిపోయి గోడలు నిలిస్తే గంటకు 196 కిలోమీటర్లు, కట్టుబడిని బట్టి 167 నుంచి 229 దాకా. మేకులతోనే కట్టిన కప్పుకు కింది అంకె, లోహపు పట్టీలు బిగిస్తే పై అంకె. కప్పు ఎగిరిన ఇంట్లో గ్యారేజీ తలుపును కూడా చూస్తారు. అది లోపలికి విరిగితే గాలి ఇంట్లోకి జొరబడి కప్పును కిందినుంచి ఎత్తుతుంది. కిటికీలు తెరిస్తే ఒత్తిడి సమమై ఇల్లు నిలుస్తుందన్న పాత అమెరికన్ నమ్మకం అందుకే ప్రమాదం.

మొబైల్ హోమ్‌తో, అంటే ఫ్యాక్టరీలో కట్టి తెచ్చి నిలిపే తేలికపాటి ఇంటితో, ఇంకో చిక్కు. చిన్నరకం పూర్తిగా తునాతునకలైతే స్కేలు చెప్పేది 204, మహా అయితే 238. గాలి 300 అయినా ఆ ఇల్లు అంతకుమించి సాక్ష్యం చెప్పలేదు. చెట్లది తలకిందుల సమస్య. గట్టికలప చెట్టు వేళ్లతో లేవడానికి స్కేలు అంకె 146, మాను విరగడానికి 177. కానీ తుపాను వానకు నాని మెత్తబడ్డ నేలలో చెట్టు అంతకంటే తక్కువ గాలికే లేస్తుంది. కాబట్టి తుపాను సర్వేలో పెకలిన చెట్టుకన్నా విరిగిన మానుకే విలువ ఎక్కువ.

ఈ చదువు మనకూ పనికొచ్చే సందర్భం ఉంది. 2024 ఆగస్టు 31న, బంగాళాఖాతం వాయుగుండం కళింగపట్నం వైపు వస్తున్న వేళ, ములుగు జిల్లా తాడ్వాయి–మేడారం అడవిలో యాభై వేలకు పైగా చెట్లు కూలాయని అటవీశాఖ అంచనా వేసింది. ఊళ్లు తప్పించుకున్నది వనదేవతల చలవేనని భక్తులు అన్నారు. ఆ నమ్మకంతో పేచీ లేదు గానీ, అది టోర్నడోనా, మేఘం దించిన గాలా అన్నది పడిన మానుల దిశలతోనే తేలాలి. నిట్టనిలువుగా కిందికి తీసిన డ్రోన్ చిత్రాల్లో పెకలిన మొదలు మట్టిరంగు మచ్చలా కనిపిస్తుంది. అక్కడి నుంచి తల వైపు ప్రతి మానుకూ ఒక బాణం గీసి, యాభై మీటర్ల గడుల్లో సగటు దిశ తీయాలి. బాణాలు ఒక గీత వైపు ముడుచుకుంటే సుడి, విచ్చుకుంటే మేఘం నుంచి దూకిన గాలి. ఇలాంటి పని ఎప్పుడైనా కలప ఎత్తకముందే జరగాలి.