మియగాసే డ్యామ్ చూడబోతున్నారా? అపోహలు - వాస్తవాలు

టోక్యోకు పడమట, కనగావా ప్రిఫెక్చర్‌లో, సగామి నదికి ఉపనది అయిన నకత్సు మీద 2000లో పూర్తయిన బహుళార్థసాధక కాంక్రీటు డ్యామ్ ఇది. వరద అదుపు, తాగునీరు, కరెంటు, నదిలో కనీస ప్రవాహం నిలపడం దీని పనులు.

అపోహ: ఇంత ఎత్తు డ్యామ్‌లో నీళ్లూ అంతే ఉంటాయి.
వాస్తవం: ఎత్తు 156 మీటర్లు, నాగార్జునసాగర్ కన్నా 32 మీటర్లు ఎక్కువ. నిల్వ మాత్రం 19.3 కోట్ల ఘనపు మీటర్లు, అంటే 6.8 టీఎంసీలు. సాగర్‌ది 312 టీఎంసీలు. ఇక్కడ లోయ ఇరుకు, నది చిన్నది.

అపోహ: వానాకాలంలో వెళ్తే నిండు జలాశయం చూడొచ్చు.
వాస్తవం: వానలు, తుపాన్ల కాలంలో నీటిమట్టాన్ని కావాలనే సుమారు పది మీటర్లు దించి ఉంచుతారు. గట్ల వెంట చెట్టూ చేమా లేని మట్టిరంగు పట్టీ కనిపిస్తే కరువనుకోకండి. 4.5 కోట్ల ఘనపు మీటర్ల ఆ ఖాళీ వరద కోసం. సెకనుకు 1,700 ఘనపు మీటర్లు, అంటే 60 వేల క్యూసెక్కులు వచ్చిపడినా కిందికి వంద ఘనపు మీటర్లే వదిలేలా డిజైన్ చేశారు. ఏ డ్యామ్‌కైనా ఆ ఖాళీ జాగా నిండిపోతే వచ్చిన నీళ్లు వచ్చినట్టే వదలక తప్పదు. 2019 అక్టోబరు 12 రాత్రి, పెద్ద తుపానులో, సగామి మీదే ఉన్న షిరొయామా డ్యామ్ అత్యవసరంగా నీళ్లు వదిలింది. డ్యామ్ ఉంది కదా అని దిగువన నిశ్చింతగా ఉండకూడదు. సైరన్ వినబడితే నదిలోంచి వెంటనే పైకి వచ్చేయాలి.

అపోహ: సందర్శకుల కోసం నీళ్లు వృథాగా వదిలేస్తారు.
వాస్తవం: ఏప్రిల్ నుంచి నవంబరు దాకా, నిర్ణీత రోజుల్లో ఉదయం 11కు, మధ్యాహ్నం 2కు ఆరేసి నిమిషాలు వదులుతారు. శ్రీశైలంలోలా పైన గేట్లెత్తడం ఉండదు. డ్యామ్ ఒంట్లోని రెండు తూముల నుంచి, దాదాపు 70 మీటర్ల ఎత్తున, సెకనుకు 30 ఘనపు మీటర్లు దూకుతాయి. ఒక్కో విడతకు 10,800 ఘనపు మీటర్లు, నిల్వలో పదివేలో వంతు కూడా కాదు. అవి కిందనున్న చిన్న ఇషిగోయా డ్యామ్‌లో చేరి, అక్కడి నుంచి రోజువారీ లెక్క ప్రకారమే నదిలోకి పోతాయి. నీటిమట్టం, వాతావరణం బాగోకపోతే రద్దవుతుంది కాబట్టి బయల్దేరే ముందు ప్రకటన చూసుకోండి.

అపోహ: డ్యామ్ పైనుంచే బాగా కనిపిస్తుంది.
వాస్తవం: పైనుంచి నీళ్ల వీపే కనిపిస్తుంది. పది నిమిషాల ముందే కింది వంతెన మీదికి చేరండి. తుంపర్లు ముఖాన కొడతాయి, కెమెరాకు కవరు తప్పనిసరి. డ్యామ్ లోపలి లిఫ్టు ఉచితం. పక్కన వాలుమీద పట్టాలపై నడిచే 216 మీటర్ల ఇంక్లైన్ బండికి టికెట్టుంది. నిర్మాణ సామగ్రిని దించిన వాలే అది, ఎక్కి తీరాలి.

అపోహ: మియగాసే అని రాసున్న బస్సెక్కితే డ్యామ్ దగ్గర దిగుతాం.
వాస్తవం: హోన్-అత్సుగి స్టేషన్ నుంచి ఆ బస్సు జలాశయం ఎగువ ఒడ్డుకు చేరుస్తుంది. డ్యామ్ అవతలి కొసన ఉంది, పడవ దొరక్కపోతే 11 గంటల విడుదల పోయినట్టే. హన్‌బరా వైపు బస్సెక్కి, చివర కాస్త నడవండి.

అపోహ: డ్యామ్ కార్డు (డ్యామ్ ఫొటో, వివరాలు ఉండే జ్ఞాపిక కార్డు) కొనుక్కోవచ్చు.
వాస్తవం: 2007 నుంచి ఇస్తున్న ఈ కార్డు ఉచితం. స్వయంగా వచ్చినవారికి మనిషికొకటే, పోస్టులో పంపరు.