లాటిన్ జాజ్: నాట్యశాలలో పుట్టిన సంగీతం

అమెరికాలో గ్రామీ అవార్డుల విభాగాలను 2011లో 109 నుంచి 78కి కుదించినప్పుడు క్యూబా వంటి లాటిన్ అమెరికా దేశాల లయలను జాజ్‌తో కలిపే లాటిన్ జాజ్ విభాగం కూడా రద్దయింది. దీనిపై డ్రమ్మర్ బాబీ సనాబ్రియా సహా కొందరు సంగీతకారులు న్యూయార్క్ కోర్టుకు వెళ్లారు. 2012లో ఆ విభాగాన్ని పునరుద్ధరించారు. ఈ సంగీతం జాజ్‌లో ఒక చిన్న ఉపశాఖా, లేక తనకంటూ ఒక పుట్టుక ఉన్న సంప్రదాయమా అన్నది ఆ వివాదంలోని అసలు ప్రశ్న. దానికి జవాబు వెదకాలంటే 1940 నాటి న్యూయార్క్‌కు వెళ్లాలి.

హవానాలో పుట్టిన మారియో బౌసా 1930లో న్యూయార్క్ చేరి, చిక్ వెబ్, క్యాబ్ క్యాలొవే వంటి నల్లజాతి నాయకుల జాజ్ బృందాలలో ట్రంపెట్ వాయించాడు. ఆ అనుభవంతో ఆయన తన బావమరిది, గాయకుడు మచీటోతో కలిసి 1940లో ‘ఆఫ్రో క్యూబన్స్’ బృందాన్ని నిలబెట్టాడు. ఆఫ్రికా మూలాన్ని పేరులోనే చాటుకోవడం వర్ణవివక్ష నాటి అమెరికాలో సాహసమే. 1943లో పాటకూ పాటకూ మధ్య విరామంలో పియానో, బాస్ వాద్యకారులు వాయిస్తున్న ఒక వరుస బౌసా చెవిన పడిందనీ, దాని మీద అల్లిన ‘టాంగా’యే తొలి లాటిన్ జాజ్ రచన అనీ చెబుతారు.

బౌసా సాధించినదేమిటో లయను దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది. క్యూబా సంగీతానికి ఆధారం ‘క్లావే’. ఇది రెండు ఆవృత్తాలలో అయిదు దెబ్బలు, ఒకదానిలో మూడు, మరొకదానిలో రెండు. కాంగాలు, టింబాలీలు అనే డోళ్లు, పియానో మాత్రమే కాదు, ట్రంపెట్లు, శాక్సోఫోన్ల వరుసలు కూడా ఈ అయిదు దెబ్బలకు ఒదగాలి. ఒదగకపోతే తాళం తప్పిన కచేరీలా అంతా చెదిరిపోతుంది. బాస్ సాధారణంగా నాలుగు మాత్రల ఆవృత్తంలో మొదటి మాత్ర మీద మోగదు. వెనకటి ఆవృత్తం నాలుగో మాత్రకే మోగి, ఆ నాదాన్ని ముందుకు సాగనిస్తుంది. ఆ ఖాళీయే శరీరాన్ని ముందుకు లాగుతుందని, నాట్యం ఈ సంగీతానికి పైపూత కాక దాని కట్టడంలోనే ఉందని నా నమ్మకం.

1947లో జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు డిజ్జీ గిలెస్పీ, కాంగా విద్వాంసుడు చానో పోసోతో కలిసి న్యూయార్క్‌లోని కచేరీ మందిరం కార్నెగీ హాల్‌లో వాయించడంతో జాజ్ ప్రపంచం మొత్తం ఇటు తిరిగింది. అయితే ఈ సంగీతం జనం మధ్య బతికింది బ్రాడ్వే, 53వ వీధి మలుపులోని పలేడియం బాల్‌రూమ్‌లో. మచీటో, టిటో పుయెంటే, టిటో రోడ్రిగెజ్ బృందాలు పోటాపోటీగా వాయిస్తుంటే, నల్లవారూ తెల్లవారూ, ప్యూర్టోరికన్లూ యూదులూ ఇటాలియన్లూ ఒకే నేల మీద మాంబో ఆడారు. ఆ కాలానికి అది అరుదైన దృశ్యం. కూతవేటు దూరంలోని బర్డ్‌ల్యాండ్ క్లబ్‌లో జాజ్ వాయించేవారు కూడా ఇక్కడికి వచ్చి వినేవారు.

పలేడియం 1961లో మద్యం లైసెన్సు కోల్పోయి, 1966లో మూతపడింది. ఆ తరువాత ఆడేవారి కోసం వాయించే బృందాలు ఎక్కువగా సల్సా వైపు సాగగా, లాటిన్ జాజ్ కుర్చీలలో కూర్చుని వినే క్లబ్బులకూ కచేరీ మందిరాలకూ మళ్లింది. ఒకే బృందం చేసిన పని ఇలా రెండు మార్కెట్లుగా విడిపోయాక, దాన్ని ఏ గదిలో పెట్టాలో అవార్డులిచ్చేవారికి తోచకపోవడంలో వింత లేదు.