హెడ్‌ఫోన్ మూగబోయిందని లినక్స్‌ని ఫార్మాట్ కొట్టకండి: అపోహలు - వాస్తవాలు

నిన్న రాత్రి పదిన్నరకు పరకాల నుంచి ఫోన్. "అన్నా, పాట నడుస్తుంది, వాల్యూమ్ దగ్గర గీతలు గూడ ఎగురుతున్నయ్, హెడ్‌ఫోన్ల మాత్రం సప్పుడు లేదు. సౌండ్ కార్డు కాలిపోయిందట, ఫార్మాట్ కొట్టాల్నట. కొట్టాల్నా?" పొద్దున ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉందట, గొంతులో ఏడుపు ఒక్కటే తక్కువ. ఈ నెలలో ఇలాంటి ఫోన్ ఇది నాలుగోది. హన్మకొండలో నా దగ్గరికి వచ్చే సిస్టమ్‌లలో లినక్స్‌వి తక్కువే, కానీ విండోస్ బరువై దాని బదులు లినక్స్ రకాలైన ఉబుంటు, మింట్ వేసుకున్న నయీంనగర్ కోచింగ్ పిల్లలూ యూనివర్సిటీ దగ్గర ప్రాజెక్టులు చేసుకునేవాళ్లూ అడిగేది మాత్రం ఎప్పుడూ ఇదే ప్రశ్న.

అపోహ: సౌండ్ రావట్లేదంటే కార్డు పోయింది, లేదా లినక్స్‌కి ఆ కార్డు పడదు. ఏదైనా ఫార్మాటే మందు.

వాస్తవం: గీతలు ఎగురుతున్నాయంటే శబ్దం తయారవుతోంది, మీ చెవికి రాకుండా ఇంకెక్కడికో పోతోంది. బోరు మోటారు బాగానే నడుస్తోంది, వాల్వు పక్క మడికి తిప్పి ఉంది. దానికి మోటారు పీకి బయటపెడతామా?

అందుకే నేను మొదట అడిగేది హెడ్‌ఫోన్ గురించి కాదు, "ఈమధ్య మానిటర్ గానీ, దాని కేబుల్ గానీ మార్చినవా?" అని. పాత వీజీఏ కేబుల్‌లో బొమ్మ ఒక్కటే పోతుంది. హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ కేబుళ్లలో బొమ్మతోపాటు శబ్దం కూడా పోతుంది, కాబట్టి సిస్టమ్‌కి అది ఇంకో సౌండ్ కార్డు లెక్క. చాలాసార్లు దాన్నే డిఫాల్ట్‌గా పట్టుకుంటుంది. మానిటర్‌కేమో స్పీకర్లే ఉండవు. సెట్టింగ్స్‌లో సౌండ్, అందులో ఔట్‌పుట్ దగ్గర హెచ్‌డీఎంఐ అని ఉంటే హెడ్‌ఫోన్స్ అనో లైన్ ఔట్ అనో మార్చండి. రీస్టార్ట్ చేసినప్పుడల్లా మళ్లీ మొదటికొస్తుంటే పావుకంట్రోల్ (pavucontrol) అనే సౌండ్ సెట్టింగ్స్ ప్రోగ్రాం వేసుకుని, కాన్ఫిగరేషన్ ట్యాబ్‌లో హెచ్‌డీఎంఐ కార్డుని ఆఫ్ చేసేయండి. పరకాల పిల్లకు ఫోన్లోనే చెప్పిన, ఐదు నిమిషాలు పట్టలేదు. కొత్త మానిటర్ దసరాకు కొన్నారట.

అక్కడ అంతా సరిగానే ఉండి సప్పుడు లేకపోతే టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) తెరిచి అల్సామిక్సర్ (alsamixer) అని కొట్టండి. నిలువు డబ్బాలు వరుసగా కనిపిస్తాయి. ఎఫ్6 నొక్కి మదర్‌బోర్డు కార్డుని ఎంచుకోండి, హెచ్‌డీఎంఐ దాన్ని కాదు. బాణం గుర్తుతో హెడ్‌ఫోన్ అన్న డబ్బా దాకా పోండి. దాని అడుగున ఎమ్ ఎమ్ అని ఉంటే మ్యూట్‌లో ఉన్నట్టు. కీబోర్డు మీద ఎమ్ ఒక్కసారి నొక్కితే అది ఓ ఓ అవుతుంది. డబ్బా ఖాళీగా ఉంటే పైబాణంతో నింపండి. డెస్క్‌టాప్ మీద స్లైడర్ నూటికి నూరు చూపిస్తున్నా కింద ఇది మూసుకుని ఉండొచ్చు. ఈ ఒక్క అక్షరం కోసం ఎంతమంది ఫార్మాట్ కొట్టించుకున్నారో.

జనగామ వైపు పిల్లగాడొకడు గుర్తొస్తాడు. ఎక్కడో చూపిస్తే ఏమీ అడక్కుండా ఫార్మాట్ కొట్టి ఇచ్చారు. నాలుగు నెలల ప్రాజెక్టు హోమ్ ఫోల్డర్‌లోనే ఉంది, బ్యాకప్ లేదు. తీరా చూస్తే ఫార్మాట్ తర్వాత కూడా సౌండ్ రాలేదు, ఎందుకొస్తుంది, మానిటర్ అదే, కేబుల్ అదే. నేను ఔట్‌పుట్ మార్చగానే పాట మోగింది. వాడు మాత్రం నవ్వలేదు, హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి కాసేపు అట్లనే కూర్చున్నాడు. చాయ్ తెప్పించిన. ఇంకేం చెప్పాలో నాకు తోచలేదు.

నేనేదో పుట్టుకతోనే నేర్చుకొచ్చానని కాదు. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక రాత్రంతా కూర్చుని ఒకే సిస్టమ్‌లో ఉబుంటు మూడుసార్లు ఎక్కించిన. తెల్లారి క్యాబినెట్ డోర్ తీస్తే ముందువైపు జాక్ నుంచి వచ్చే సన్న కేబుల్ మదర్‌బోర్డుకి పెట్టకుండా వేలాడుతోంది. దుమ్ము దులిపినప్పుడు పీకి మళ్లీ పెట్టలేదు, పీకింది కూడా నేనే. అప్పటి నుంచి ముందు జాక్‌లో రాకపోతే వెనక ఆకుపచ్చ జాక్‌లో పెట్టి చూస్తా. వెనక వస్తే కార్డు బాగున్నట్టే, ముందు జాక్ కేబుల్ గానీ, పైన చెప్పిన హెడ్‌ఫోన్ డబ్బా మ్యూట్ గానీ చూసుకోవాలి.

ఇంకా అనుమానం ఉంటే ఉబుంటునో మింట్‌నో పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా లైవ్‌లో బూట్ చేసి పాట పెట్టండి. అందులో వస్తే కార్డు బాగున్నట్టే, తేడా మీ సెట్టింగ్స్‌లో ఉంది. హార్డ్ డిస్క్ మీద ఒక్క అక్షరం చెరగదు. మీ సిస్టమ్‌లో డమ్మీ ఔట్‌పుట్ అని ఒక్కటే కనిపిస్తే అది వేరే కథ, అసలు కార్డే దొరకలేదని దానర్థం. బయాస్‌లో (సిస్టమ్ ఆన్ కాగానే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) ఆన్‌బోర్డ్ ఆడియో ఆపేసి ఉందేమో ముందు అది చూడండి.

మిగతావి గబగబా చెప్పేస్తా.

"పైప్‌వైర్ తీసేసి పల్స్ఆడియో పెట్టుకుంటే వస్తుంది." ఏదో వీడియోలో విని వస్తారు. ఈ రెండూ లినక్స్‌లో శబ్దాన్ని నడిపించే ప్రోగ్రాములు, పల్స్ఆడియో పాతది, పైప్‌వైర్ కొత్తది. ఫెడోరా అనే ఇంకో లినక్స్ 2021లో, ఉబుంటు 22.10 వెర్షన్ నుంచి పైప్‌వైర్‌కి మారిపోయాయి, పల్స్ఆడియో కోసం రాసిన ప్రోగ్రాములు దాని మీద కూడా నడుస్తాయి. సుడోతో పర్జ్ (ప్రోగ్రాముని పూర్తిగా తీసేసే కమాండ్) కొడితే, తీసేసేముందు ఇంకా ఏమేం పోతాయో లిస్టు చూపిస్తుంది, ఎవరూ చదవరు, వై కొడతారు. ఒకాయన ఇలాగే సెట్టింగ్స్ యాప్ కూడా పోగొట్టుకుని వచ్చాడు. దయచేసి తెలియని కమాండ్లు పేస్ట్ చేయకండి.

"విండోస్‌లో వస్తోంది, లినక్స్‌లో రావట్లేదు, కాబట్టి లినక్స్‌దే తప్పు." రెండూ ఉన్న సిస్టమ్‌లో విండోస్ ఫాస్ట్ స్టార్టప్ ఆపేసి, పూర్తిగా షట్‌డౌన్ చేసి అప్పుడు లినక్స్‌లోకి రండి. కొన్ని బోర్డుల్లో విండోస్ వదిలేసిన స్థితిలోనే కార్డు ఉండిపోతుంది.

"మొబైల్ హెడ్‌ఫోన్ ఎక్కడైనా పనిచేస్తుంది." మైకున్న మొబైల్ పిన్ను మీద మూడు నల్లగీతలుంటాయి. డెస్క్‌టాప్‌లో మైకుకు గులాబీ రంగు జాక్ విడిగా ఉంటుంది. పాట ఎలాగో వస్తుంది గానీ మైకు పనిచేయాలంటే స్ప్లిటర్ కావాలి. పిన్ను క్యాబినెట్ రంధ్రంలో పూర్తిగా దిగిందో లేదో కూడా చూడండి, లావు పిన్నులు సగంలో ఆగిపోతాయి.

బ్లూటూత్‌లో పాట పాత టెలిఫోన్‌లా గరగరమంటే అది కాల్ మోడ్, సౌండ్ సెట్టింగ్స్‌లో ప్రొఫైల్‌ని పాటల కోసం ఉండే ఏ2డీపీకి (A2DP) మార్చండి, అంతే.

ఇవన్నీ చూశాక కూడా రాకపోతే అప్పుడు కార్డు నిజంగానే పోయి ఉండొచ్చు, అదీ జరుగుతుంది. అప్పుడు కూడా మదర్‌బోర్డు మార్చక్కర్లేదు. యూఎస్‌బీ సౌండ్ కార్డు, బొటనవేలంత ఉంటుంది, కొన్ని వందల్లో వస్తుంది. చాలావాటికి లినక్స్‌లో డ్రైవర్ గొడవ కూడా ఉండదు. గుచ్చిన తర్వాత ఔట్‌పుట్‌లో దాని పేరు ఎంచుకోవడం మాత్రం మర్చిపోకండి, లేకపోతే మళ్లీ రాత్రి పదిన్నరకు నాకే ఫోన్.